గంధకం ఇటుక

మా ఇంట్లో నాకొక సబ్బు ఉండేది. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చిన ప్రతిసారీ విమానాశ్రయంలో కొనేవాణ్ణి. మల్లెపూల వాసన వేసేది. రాజోలు దాటి మా ఊళ్ళోకి ఆటో మళ్ళిందంటే చాలు, నా చెయ్యి సంచిలో ఆ సబ్బు కోసం వెతుక్కునేది. ఇంటిముందు దిగి, ఎవరినీ పలకరించకుండా, సందులోంచి తిన్నగా పెరట్లో బోరింగు దగ్గరికి పోయేవాణ్ణి. ముమ్మారు ఒళ్ళు రుద్దుకున్నాకే ఇంట్లో అడుగు పెట్టేది. "వచ్చేడమ్మా పెళ్ళికొడుకు, మంగళస్నానాలు అయ్యేకే మనకి దర్శనం" అని మా అమ్మ వెటకారం చేసేది.

ఎందుకో ఆవిడకీ తెలుసు. నేను పనిచేసింది గంధకం యార్డులో. చమురు శుద్ధి చేయగా మిగిలిన గంధకాన్ని పచ్చటి గుట్టలుగా పోసి ఓడల్లోకి ఎక్కిస్తారు అక్కడ. ఆ వాసన జుట్టులోకి, గోళ్ళలోకి, చివరికి సూట్‌కేసు జిప్పులోకి కూడా పోతుంది. నేను మొదటిసారి వెళ్ళేటప్పటికి మా అమ్మాయి పాకుతోంది. రెండేళ్ళకి సెలవు దొరికి వచ్చేసరికి మూడో ఏడు నడుస్తోంది. ఆటో దిగి చేతులు చాచాను. పిల్ల నవ్వుతూ నాలుగడుగులు వేసింది, దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చింది, అంతే, "టపాకాయల వాసన!" అని కెవ్వుమని వాళ్ళమ్మ కాళ్ళ వెనక దూరింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి నేను పడిన పాట్లు నాకే తెలుసు. ఆ మర్నాడే రాజోలు వెళ్ళి దొరికిన సబ్బులన్నీ కొన్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నా ఆరో సెలవు సంగతి. అమ్మాయి తొమ్మిదో తరగతి. చదువులో చురుకు, నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదు. నా జోలికీ రాదు. ఫోనులో మూడే మాటలు: "బాగున్నారా నాన్నగారూ, భోంచేసేరా, అమ్మకిస్తున్నాను." ఇంట్లో ఉన్న నలభై రోజులూ అన్నీ వాళ్ళమ్మ మీదుగానే. నేను పక్కనే పీటమీద కూచునుంటే, "అమ్మా, నాన్నగారిని అన్నానికి రమ్మను" అనేది. నాకు ఒళ్ళు మండేది. "ఒసేయ్, వస్తున్నాడని మీ అమ్మాయికి చెప్పు" అని నేనూ మా ఆవిడకే చెప్పేవాణ్ణి. "నన్ను పోస్టాఫీసు చేసేరండీ ఇద్దరూ కలిసి" అని ఆవిడ మా ఇద్దర్నీ కసిరేది.

ఆసారి విమానంలో ఒకటే అనుకున్నాను. ఈ నలభై రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పిల్ల నా మొహం చూసి "నాన్నా" అని పిలవాలి. మధ్యలో పోస్టాఫీసు ఉండకూడదు. ఇంకేమీ అక్కర్లేదు. ఆదివారం చర్చికెళ్ళినప్పుడు ప్రార్థనలో కూడా సిగ్గు లేకుండా అదే అడిగాను.

పదిరోజులు గడిచిపోయాయి. ఒక సాయంత్రం మా ఆవిడ అరుగుమీద బెండకాయలు తరుగుతోంది. అమ్మాయి పుస్తకం ముందేసుకుని వాళ్ళ మామ్మతో గొడవ పడుతోంది.

"అంగారకుడి మీద ఇల్లు కట్టాలి మామ్మా. సైన్సు ఎగ్జిబిషనుకి. ఇక్కణ్ణుంచి సామాను మోసుకెళ్ళకూడదు, అక్కడ దొరికినదాంతోనే కట్టాలని మా టీచరుగారు చెప్పేరు."

"కొబ్బరాకులు లేవా అక్కడ?"

"లేవు."

"మట్టి?"

"ఉంది. ఎర్రమట్టి."

"మరింకేంటే బెంగ! నీళ్ళోసి తొక్కితే సరి."

"నీళ్ళే లేవు మామ్మా. మంచుగడ్డై ఎక్కడో నేలలో ఉంటాయంట. కరిగించి పైన పోస్తే ఆవిరైపోతాయంట."

మా అమ్మ వయసులో ఉన్నంతకాలం తాపీమేస్త్రీల దగ్గర కూలికి వెళ్ళింది. ఇసక మోసింది, సిమెంటు అందించింది. అన్నిటికంటే ఎక్కువగా గోడలు తడిపింది. ఈ చుట్టుపక్కల ఏ డాబా చూపించినా, "దీన్ని నేనే తడిపేను" అంటుంది. అలాంటి మనిషికి నీళ్ళు లేని ఇల్లు ఎలా బుర్రకెక్కుతుంది? "నీళ్ళు లేని చోటికి ఎవరు ఎళ్ళమన్నారే మిమ్మల్ని?" అని కోప్పడింది.

నేను తొంగిచూశాను. పిల్ల వేసిన బొమ్మలో అంగారకుడి ఇంటిముందు చక్కగా ఒక పంటకాలువ పారుతోంది. కాలువ గట్టున మూడు కొబ్బరిచెట్లు. కాలువమీదా, చెట్లమీదా టీచరుగారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి ఉన్నారు. పిల్ల తప్పేం లేదు. మా ఇంటిముందు కాలువ, వెనక బోదె కాలువ, పక్కన చేపల చెరువు. మూరెడు తవ్వితే చెమ్మ తగిలే సీమలో పుట్టినవాళ్ళం, నీళ్ళు లేని ఇల్లు మాకు బొమ్మలోక్కూడా రాదు.

"సిమెంటు పనికిరాదు. గంధకం పనికొస్తుంది" అన్నాను.

పిల్ల తలెత్తింది. నన్ను చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది. "అమ్మా, గంధకంతో ఇల్లెలా కడతారో అడుగు."

"పోస్టాఫీసు మూసేసేం, ఆదివారం" అంది మా ఆవిడ. అది ఆదివారం కూడా కాదు.

ఎవరూ అడగలేదు గానీ నేనే చెప్పాను, బెండకాయల పళ్ళేన్ని చూస్తూ. గంధకాన్ని సన్నటి సెగమీద పెడితే బెల్లంపాకంలా కరుగుతుంది. అందులో వేడి ఇసక కలిపి అచ్చులో పోస్తే, చల్లారేసరికి రాయి. చుక్క నీరు అక్కర్లేదు. మా యార్డులో కొంత నేల అలా పోసిందే. అంగారకుడి మట్టిలో గంధకం పుష్కలంగా ఉందని అక్కడి ఇంజనీరొకాయన చెబుతుండేవాడు. ఇల్లు పగిలిపోతే ముక్కలు ఏరుకుని, కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు.

పిల్ల పుస్తకంలో గబగబా రాసుకుంది. మర్నాడు బడినుంచి వచ్చి, "అమ్మా, టీచరుగారు చదివి చూసేరంట. మట్టిలోంచి విడదీసుకోవాలిగానీ గంధకం ఉందంట, నాన్నగారు చెప్పింది నిజమేనంట" అంది. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

గంధకం కోసం అమలాపురంలో మూలికలమ్మే కొట్టుకి వెళ్ళాను. నాలుగు కిలోలు కావాలంటే కొట్టాయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "గజ్జికేనాండీ? ఊరు ఊరంతటికీ వచ్చిందాండీ?"

"కాదండి, అంగారకుడి మీద ఇల్లు కట్టడానికండి."

"ఆయ్, అలాగేనండి" అని పొట్లం కట్టి ఇచ్చాడు. మా గోదారి జిల్లా మర్యాదంటే అదీ.

మా అమ్మ జంతికలు వేయించి వేయించి ఇక చిల్లు పడబోతుందనేదాకా తెచ్చిన ఇనపబాణలి ఒకటి అటకమీద ఉంటే దింపాను. పెరట్లో గాలివాలు చూసుకుని పొయ్యి పెట్టాను. అచ్చుకి కొబ్బరిచిప్ప వాడదామంటే పిల్ల ఒప్పుకోలేదు. "అమ్మా, అక్కడ కొబ్బరిచెట్లుండవని చెప్పు." నేను తెచ్చిన ఖర్జూరాల రేకుడబ్బా చూపిస్తే మాత్రం కాసేపు ఆలోచించి సరేనంది. విమానంలో వచ్చింది కాబట్టి రాకెట్లో వచ్చినట్టేనట!

నిప్పు దగ్గర మాత్రం నేను ఖచ్చితంగా ఉన్నాను. గంధకం అంటుకుందంటే నీలంమంట లేస్తుంది, ఆ పొగ ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది. యార్డులో ఒకణ్ణి అలా మోసుకెళ్ళడం చూశాను. పిల్ల ముక్కుకి నా తువ్వాలు తడిపి కట్టి, "నేను పక్కన లేకుండా దీనికోసం అగ్గిపుల్ల గియ్యకూడదు. మాటియ్యి" అన్నాను. తువ్వాలు లోంచే, "అమ్మా, గియ్యనని చెప్పు" అంది. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

మొదటిరోజు వంట చెడింది. పిల్ల తెచ్చిన ఇసక చల్లగా ఉంది. పాకంలో పడగానే అంతా ఉండలు కట్టింది. తీసి పోస్తే ఇటుక రెండు ముక్కలు. నా కోపం సంగతి ఊరందరికీ తెలుసు, ముందు నోరు లేస్తుంది, తర్వాత బుర్ర. "ఇసక వేడిగా ఉండాలని చెప్పేనా లేదా! చెవులెక్కడ పెట్టుకున్నావు!" అని అరిచాను. పిల్ల మొహానికున్న తువ్వాలు విప్పి, మడతపెట్టి, బోరింగు గట్టుమీద పెట్టి లోపలికి పోయింది. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. పదమూడేళ్ళ తర్వాత ఆ పిల్లతో సూటిగా అన్న పెద్ద మాట అదీ! మా అమ్మ కూడా వదల్లేదు. "నలభై రోజులు ఉండేవాడివి, కోపం కూడా సామానుతో తేవాలేంట్రా?" అంది.

మర్నాడు పొద్దెక్కాక పెరట్లోకి వెళ్ళేసరికి పిల్ల అక్కడే ఉంది. జల్లించిన ఇసకని రేకుమీద పరిచి ఎండబెట్టింది, పైగా పొయ్యి పక్కన సిద్ధంగా మూడు రాళ్ళు పేర్చి పెనం కూడా పెట్టింది. పొయ్యి మాత్రం వెలిగించలేదు. "ఇసక వేడిచెయ్యాలి" అంది. వాళ్ళమ్మ ఇంట్లో ఉంది. ఆ మాట నాతో అందో, గోడతో అందో తెలీదు. నాతోనే అనుకుని పరిగెత్తుకెళ్ళి అగ్గిపెట్టె తెచ్చాను.

పగిలిన ముక్కల్నే మళ్ళీ కరిగించాం. ఎర్రటి రంగుకోసం పాత ఇటుక పొడి కలిపాం. ఆ పూట ఆరు ఇటుకలొచ్చాయి, అంచులు చెక్కినట్టు. గోటితో కొడితే టంగుమన్నాయి. పిల్ల వాటిని ఒక్కొక్కటే చెంపకి ఆనించుకుని వేడి ఎంత తగ్గిందో చూసుకుంది. నేను బోరింగు దగ్గర నాలుగుసార్లు సబ్బు రుద్దుకుని వచ్చి కూచున్నాను.

ఇటుకలు పెరటి అరుగుమీదే వారంరోజులు ఉన్నాయి. పొద్దున్నే వాటిమీద చెమ్మ కనబడేది. మంచు పడిందనుకున్నాను.

అమలాపురం ఎగ్జిబిషనుకి పొద్దున్నే బయల్దేరాం, నేనూ అమ్మాయీ. ఇటుకల సంచి మా అమ్మే సర్ది పెట్టింది. "బాగా చుట్టి పెట్టేను, దారిలో విప్పకండి" అని రెండుసార్లు చెప్పింది. మా ఆవిడ గుమ్మంలో చిన్న ప్రార్థన చేసి పంపింది. బస్సులో కిటికీ పక్కన పిల్ల, దాని ఒళ్ళో సంచి, ఇవతల నేను. గన్నవరం అక్విడక్టు దగ్గర, కింద గోదారి పాయ, దానిమీద కాలువ, అన్ని నీళ్ళు చూసి పిల్ల తనలో తనే నవ్వుకుంది. ఎందుకు నవ్విందో అడగాలనిపించింది. ధైర్యం చాల్లేదు. దిగేటప్పుడు చూస్తే దాని పావడా ముందంతా తడి. మంచినీళ్ళ సీసా కారిందేమో అనుకున్నాం.

తల్లిదండ్రుల్ని హాల్లోకి రానివ్వలేదు. కిటికీల దగ్గర నిలబడ్డాం. పిల్ల తెల్లటి అట్ట పరిచింది. దానిమీద నీలంసిరాతో గుండ్రంగా రాసుకుంది: "చుక్క నీరు లేకుండా అంగారకుడి ఇల్లు." న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన దాని బల్ల దగ్గరికి వచ్చేసరికి సంచి విప్పింది.

లోపల తడి గోనెపట్టా. నీళ్ళోడుతున్న గోనెపట్టా. దాన్ని తీస్తే ఇటుకలు నిగనిగలాడుతూ తడిసి ఉన్నాయి. అట్టమీద మడుగు కట్టింది. "చుక్క నీరు" అన్న అక్షరాలు కరిగి కిందికి కారాయి.

నాకు ఒక్కసారిగా అర్థమైపోయింది. అది మంచు కాదు, మా అమ్మ! కొత్తగా కట్టింది ఏదైనా వారంరోజులు రెండు పూటలా తడపకపోతే ఆవిడకి ముద్ద దిగదు. మనవరాలి ఇటుక బీటలివ్వకూడదని చెంబుతో నీళ్ళు పోసి, పైన గోనెపట్టా కప్పి, మేం లేచేలోగా తీసేసి ఉంటుంది. ఇవాళ ప్రయాణంలో ఆరిపోతుందని పట్టాతో సహా కట్టింది.

"నీళ్ళు లేకుండా చేసేనని రాసేవు కదమ్మా, మరి ఇదేంటి?" అన్నారు పెద్దాయన. పక్క బల్ల పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన ఒక ఇటుకని తిప్పి చూశారు. "సిమెంటులో రంగు కలిపేవా? పర్వాలేదు, నిజం చెప్పు."

కారుతున్న అక్షరాల్ని పిల్ల అరచేత్తో ఆపబోవడం కిటికీలోంచి కనిపించింది. నా కాలు నన్నడక్కుండానే గుమ్మం దాటింది. అక్కడున్న మాస్టారొకాయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నేను ఆ పిల్ల తండ్రినండీ!" అని అరిచాను.

"ఆయ్, ఇక్కడున్నోళ్ళందరూ తండ్రులేనండి. అవతల ఉండండి" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఇంతలో పిల్ల గొంతు వినబడింది. "సిమెంటైతే నిప్పుమీద కరగదండి. ఇది కరుగుతుందండి. చూపించమంటారా?"

పెద్దాయన సరేనన్నారు. ల్యాబులోంచి స్పిరిటు దీపం, ఇనపగరిటె, పట్టకారు, అగ్గిపెట్టె తెప్పించారు. పిల్ల ఒక ఇటుక మూల చితక్కొట్టి, పెచ్చుని పావడాతో తుడిచి, ఇనపగరిటెలో వేసింది. అగ్గిపుల్ల తీసింది. తీసి, గియ్యకుండా ఆగిపోయింది. హాలంతా చూస్తోంది. పెద్దాయన గడియారం చూసుకున్నారు. "కానీమ్మా, ఆలస్యమౌతోంది" అన్నారు.

పిల్ల గుమ్మంవైపు తిరిగింది.

"నాన్నా! మీరు రండి. మీరు పక్కన లేకుండా గియ్యనని చెప్పేను కదా."

అడ్డం పెట్టిన చెయ్యి మాస్టారు ఎప్పుడు తీశారో నాకు తెలీదు. బల్లదాకా ఎలా నడిచానో కూడా గుర్తులేదు. పట్టకారుతో గరిటె తను పట్టుకుంది, దీపం నేను వెలిగించాను. పెచ్చు అంచులు మెత్తబడ్డాయి, ఇసక గింజల మధ్యనుంచి పచ్చటి పాకం ఊరింది. మంట అంటుకోకముందే నేను దీపం ఆర్పేశాను. అప్పటికే వాసన లేచింది. నా జుట్టు వాసన, నా సూట్‌కేసు వాసన. నేను చప్పున ఒకడుగు వెనక్కి వేశాను.

"అబ్బబ్బ! ఏంటమ్మా ఈ వాసన?" పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

పిల్ల తలెత్తలేదు. గరిటెలోకే చూస్తూ చెప్పింది.

"మా నాన్న వాసనండి. ఆయన పని ఇదేనండి."

నేను ఏడ్చేశాను. అంతమంది పిల్లల ముందు, ఆ మాస్టారి ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. దాచుకోవాలని కూడా తోచలేదు. పెద్దాయన నన్నోసారి చూసి, రుమాలు జేబులో పెట్టేసుకున్నారు. "మరి తడి ఎక్కడిదమ్మా?" అని అడిగారు, ఈసారి నెమ్మదిగా.

"మా మామ్మ తడిపిందండి. కొత్తగా కట్టింది వారం తడపాలని ఆవిడ రూలండి."

ఆయన పగలబడి నవ్వారు. మూడో బహుమతి వచ్చింది, ఒక స్టీలు టిఫిను డబ్బా. మొదటిది వరిగడ్డితో కాగితం చేసిన పిల్లకి వచ్చింది. ఆ కాగితం కూడా బాగుంది, కాదనను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కొంతదూరం పోయాక, "నాన్నా, అక్కడ మీరుండే చోట చెట్లుంటాయా?" అని అడిగింది పిల్ల. ఉండవని చెప్పాను. నీళ్ళు కూడా సముద్రంలోంచి తీసి ఉప్పు విరిచి పంపుతారని చెప్పాను. ఒక గదిలో పన్నెండుమందిమి, ఒకసారి నూనెడబ్బాలో ఇసక పోసి, వాడేసిన టీపొడి కలిపి, స్నానం చేసిన నీళ్ళు పోసి గోంగూర పెంచామని చెప్పాను. విత్తనాలు మా ఆవిడే నా చొక్కాజేబులో వేసి పంపింది.

"వచ్చిందా?"

"వచ్చింది. పచ్చడి చేస్తే పన్నెండుమందికీ తలో ముద్ద. ఒకాయన గోంగూర నాలిక్కి తగలగానే లేచి బయటికి పోయేడు. ఇల్లు గుర్తొచ్చిందంట."

"మీరూ ఏడ్చేరా?"

"లేదు. నేను రెండో ముద్ద అడిగేను."

కిటికీలోంచి మొహం తిప్పి నవ్వింది. ఊరొచ్చేదాకా అడుగుతూనే ఉంది: ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఎండలో ఎలా పనిచేస్తారు. పదమూడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్నలు.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఉంది. "దారిలో తడి ఆరిపోలేదు కదా?" అంది ముందు. నా నోరు లేవబోయింది. పిల్ల నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

"మామ్మా, ఇంత గట్టిగా ఎలా వచ్చిందని జడ్జీగారు అడిగేరు. మా మామ్మ తడిపిందని చెప్పేను. ఎంత సంతోషపడ్డారో!"

"మరి!" అంది మా అమ్మ, నన్ను కిందామీదా చూస్తూ. "నీళ్ళు లేకుండా ఇల్లంట. మీ నాన్నకేం తెలుసే."

తర్వాతి పదిహేను రోజులూ ఇట్టే అయిపోయాయి. వెళ్ళే రోజు ఆటో ఇంటిముందు కాలువ వంతెన దగ్గర ఆగింది. అంతకుముందు అన్నిసార్లూ పిల్ల గుమ్మంలో నిలబడే చెయ్యి ఊపేది. ఈసారి నా వెనకే వచ్చింది, చేతిలో నా సంచి. సామాను ఎక్కించి వెనక్కి తిరిగేసరికి, ఉన్నట్టుండి నా చొక్కాలో మొహం దూర్చింది. ముక్కు ఎగబీల్చడం నాకు తెలిసింది. మూడేళ్ళప్పటి కేక గుర్తొచ్చి నేను బిగుసుకుపోయాను.

"మల్లెపూల వాసన" అంది, చిరాగ్గా.

నేనూ చొక్కా చెయ్యి వాసన చూసుకున్నాను.

"ఈసారి వచ్చినప్పుడు ఆ సబ్బు తేకండి నాన్నా. పెరట్లోకి పోకండి. ఆటో దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చెయ్యండి."